కుంకుమ పూసిన హార్ప్

ఆయుధపూజ రోజున మీ ఇంట్లో మిక్సీకి బొట్టు పెడతారు కదా, ఆ బొట్టు వల్ల మిక్సీ మీకు ఏం చేసిపెడుతుందని మీ నమ్మకం?

ఈ ప్రశ్నను నేను గుంటూరు జిల్లాలో చాలా సభల్లో అడిగాను. చదువుకునే రోజుల్లో మాకు చర్చలంటే పిచ్చి. గ్రంథాలయంలో బల్లలు జరిపి, ఒక పక్క ఆస్తికులు, ఇంకో పక్క నాస్తికులం మేము కూర్చుని వాదించుకునేవాళ్లం. నా ప్రశ్నకు వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. "అది మా ఆచారం." ఎందుకని అడిగినప్పుడు ఆచారమని చెప్పడం జవాబు కాదు, జవాబు ఎగ్గొట్టడం అని నేను బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. కానీ ఖతార్‌లో ఉన్నప్పుడు ఆ బొట్టు నేరుగా వచ్చి నేను నేర్చుకుంటున్న వాయిద్యం మీద పడింది.

అప్పటికి ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు ఇంకా కొన్నేళ్ల దూరంలో ఉంది. దోహాలో ఎటు చూసినా తవ్విన రోడ్లు, క్రేన్లు. నేను ఒక స్టేడియం పనిలో సేఫ్టీ ఆఫీసర్ని. పొద్దున కొత్తగా వచ్చిన కార్మికులకు తెలుగులోనూ హిందీలోనూ జాగ్రత్తలు చెప్పేవాణ్ణి. ఆ తర్వాత సైటంతా తనిఖీ. ఒకరోజు సైట్ ఆఫీసులో కాగితాలు దాచే గదిలోకి వెళ్తే, బీరువా వెనక ఒక నల్ల సంచి కనపడింది. ఎవరిదో తెలియని సంచి కనపడితే వదలకూడదు. బయటికొచ్చి అందరినీ అడిగాను.

ఒక స్కాట్లండ్ ఆవిడ చెయ్యెత్తింది. యాభై దాటిన ఇంజనీరు. స్టేడియంలో ప్రమాదం జరిగితే జనాన్ని బయటికి పొమ్మని స్పీకర్లలో చెప్పే మాట ప్రతి కుర్చీకీ వినపడాలి. అది సరిచూడటం ఆమె పని. సంచిలో ఏముందంటే విప్పి చూపించింది. మూడు మూలల చెక్క చట్రం, కింద బోలుగా ఉన్న పెట్టె, మధ్యలో పొడుగు నుంచి పొట్టి దాకా వరసగా తీగలు. ఒళ్లో పెట్టుకుని వాయించే చిన్న హార్ప్. అలాంటిదాన్ని క్యాలెండర్ బొమ్మల్లో దేవదూతల చేతుల్లో తప్ప నేను చూడలేదు.

"ఇది ఇక్కడెందుకుంది మేడమ్?"

"మా ఫ్లాట్‌లో ఏసీ పోతూ వస్తూ ఉంది. సముద్రపు తేమకు చెక్క ఉబ్బుతుంది, ఏసీకి బిగుసుకుంటుంది. ఈ గదిలో మాత్రం గాలి మారదు. మీ కాగితాలకు పట్టే గాలి దీనికీ పడుతుంది."

సొంత సామాన్లు అక్కడ ఉంచకూడదని చెప్పాను. ఆమె ఒప్పుకుంది. సంచి మూసే ముందు శ్రుతి తప్పిందేమోనని తీగల మీద ఒకసారి వేళ్లు పోనిచ్చింది. ఆ శబ్దం విన్నాక నా తనిఖీ అక్కడే ఆగిపోయింది. తీగ పైన ఉన్న చిన్న మీట దేనికని అడిగాను. మీట ఎత్తితే తీగ పొడవు తగ్గి, స్వరం అర మెట్టు పైకి పోతుందని ఎత్తి చూపించింది. ఇంకో ప్రశ్న అడిగాను. ఇంకొకటి. చివరికి ఆమె విసుక్కుని, "శుక్రవారం వెస్ట్ బేలో మా ఫ్లాట్‌కి రండి. అడగడం కంటే వాయించడం తేలిక" అంది.

అలా మొదలైంది. ఆమె ఇంట్లో పెద్ద హార్ప్ ఇంకొకటి ఉండటంతో చిన్నది నాకు వాడుకోమని ఇచ్చింది.

ఆమె పద్ధతి నాకు మొదటి రోజే నచ్చలేదు. తను ఒక ముక్క పాడుతుంది, నేను దాన్ని తీగల మీద వెతికి పట్టుకోవాలి. కాగితం ఉండదు.

"స్వరాలు రాసివ్వండి" అన్నాను.

"రాయను. మా అమ్మమ్మ రాసివ్వలేదు."

ఇది ఇంగ్లిష్‌లో చెప్పిన "మా ఆచారం" కదా అనిపించింది. ఆ మాటే అనేశాను. ఆమె కోప్పడకుండా అలమరలోంచి అచ్చు పుస్తకం తీసి, ఒక నృత్యపు పాటను పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వాయించింది. తర్వాత అదే పాటను తను విన్నట్టు వాయించింది. రెండోసారి మొదటి స్వరం చిటుక్కున విరిగి, బరువంతా పక్క స్వరం మీద పడింది. మెట్టు దిగుతూ కాలు జారి నిలదొక్కుకున్నట్టు ఉంది. ఆ విరుపు ఎంతుండాలో కాగితం చెప్పలేదు, చెవే చెప్పాలి. కళ్ల ముందు రుజువు చూపించాక ఆమె పద్ధతికే ఒప్పుకున్నాను.

కానీ నేను వేరే దారి కనిపెట్టాను. అన్ని తీగలూ తెల్లగా ఉంటే కన్ను తడబడుతుందని, హార్ప్‌లో ఏడేసి తీగల ప్రతి వరసకూ ఒక ఎర్ర తీగ, ఒక నీలం తీగ ఉంటాయి. నేను ఎర్ర తీగను "స" అనుకున్నాను. దాని నుంచి రెండు పైకి, ఒకటి కిందికి, మళ్లీ ఎర్రదానికి. పాటను దూరాలుగా గుర్తుపెట్టుకున్నాను. తీగల వైపు చూడకుండా వాయించండని ఆమె చెప్పేది. సరేనని, ఓరకంట చూసి వాయించేవాణ్ణి.

వేసవి మధ్యలో ఒక శుక్రవారం ఆమె తన పెద్ద హార్ప్ మీద ఒక పాట వాయించింది. నెమ్మదైన పాట. చివర్లో ముగిసినట్టు ఉండదు, ఎవరో చెబుతూ చెబుతూ గుమ్మం దాటి పోయినట్టు ఉంటుంది. దానికి పేరు లేదు. వాళ్లింట్లో "ఆ పాట" అనేవాళ్లట.

"ఇది నేర్పండి."

"చూడకుండా పట్టుకోగలిగిన రోజున నేర్పుతాను. మా అమ్మమ్మ పెట్టిన షరతు అది."

"ఇంకెవరికి వచ్చు?"

"ఎవరికీ రాదు. మా తమ్ముడికి పాట నిలవదు. నాకు పిల్లల్లేరు." ఇంట్లో ఫలానా గిన్నె లేదన్నట్టు మామూలుగా చెప్పింది. "శీతాకాలంలో స్పీకర్ల పరీక్ష అయిపోతుంది. అప్పుడు నా వీసా కూడా అయిపోతుంది. ఈలోపు ఒకరు పట్టుకుంటే చాలు. అయితే సగం పట్టుకునేవాళ్లకు ఇవ్వను. సగం పాట మిగలడం కంటే అసలు మిగలకపోవడమే మేలు."

ఆ పాట నాకు కావాలి. ఆమె వెళ్లేలోపు కావాలి. అంతకన్నా ముందు ఒక సంగతి తెలియాలి.

"ఎవరు కట్టారు దీన్ని?"

"గుట్టలో ఉండేవాళ్లు ఇచ్చారని మా ఊళ్లో చెబుతారు. కంటికి కనపడని జనం."

నేను హార్ప్ పక్కన పెట్టేశాను. గుట్ట పాట కట్టదు, కనపడనివాళ్లు పాట కట్టరు, గొంతూ దిగులూ ఉన్న మనిషి ఎవరో కూర్చుని కట్టారు, ఆ మనిషి కష్టాన్ని లేనివాళ్ల ఖాతాలో వెయ్యడం అన్యాయం అని గట్టిగానే చెప్పాను. ఆమె అంతా విని, "ముందు పాట పట్టండి. తర్వాత పోట్లాడదాం" అంది.

ఇండస్ట్రియల్ ఏరియా పక్కన కంపెనీ క్యాంప్‌లో నాతో ఒకే గదిలో ఉండేది జగిత్యాల వైపు కుర్రాడు, నేను తమ్ముడూ అని పిలిచేవాణ్ణి. పరంజాలు కట్టించే స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్. ఆ సాయంత్రం చపాతీ పిండి కలుపుతూ అడిగాడు.

"అన్నా, ఇయ్యాల ఏం నేర్పింది మీ మేడం?"

"ఏం నేర్పలేదు. ఒక పాట ఉంది, గుట్టలో ఉండే కనపడని జనం ఇచ్చారని చెప్పింది."

"గుట్టల ఉండేటివి దయ్యాలే గద."

"దయ్యాల్లేవు తమ్ముడూ."

"నీకు దేవుడు లేడు, దయ్యం లేదు. గని దయ్యాల పాట మాత్రం గావాలె. మంచిగున్నది నీ కత." పిండి చేత్తోనే నా వైపు చూపించాడు. "ఊర్ల ఎవ్వరికి జెప్పకు, నవ్వుతరు."

ఊరికి చెప్పలేదు గానీ, నేను వాయిస్తుండగా అతనే ఫోన్‌లో తీసి దోహాలోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. వెంటనే ఒక పెద్దమనిషి రాశాడు, ఇది మన మోహన రాగమే, వేల ఏళ్ల కిందట మనవాళ్లే అక్కడికి పట్టుకెళ్లారు అని. నాకు ఒళ్లు మండింది. ఒకదానితో ఒకటి గొడవపడని స్వరాలను ఏరుకుంటే ఏ దేశంలోనైనా మోహనలో ఉండే ఆ ఐదే దొరుకుతాయి. ఆకలేసినవాడు ఎక్కడున్నా పొయ్యి రాజేసుకుంటాడు, అంతమాత్రాన మన పొయ్యిలోంచి నిప్పు పట్టుకెళ్లినట్టు కాదు. ఇదే రాసి, పట్టుకెళ్లినవాడి ఆధారం చూపించమన్నాను. ఆధారం రాలేదు. నన్ను గ్రూపులోంచి తీసేశారు.

"పాట వెట్టింది నేను, ఎల్లగొట్టింది నిన్ను" అని తమ్ముడు వారం రోజులు నవ్వాడు.

దసరా వచ్చింది. నేను డ్యూటీ దిగి గదికి వచ్చేసరికి అగరొత్తుల పొగ. గోడ పక్కన బల్ల మీద అతని హెల్మెట్, స్పానర్లు, గదిలోని ఇస్త్రీ పెట్టె, నా ల్యాప్‌టాప్, వాటి మధ్యలో హార్ప్. అన్నిటికీ పసుపు, కుంకుమ బొట్లు. హార్ప్‌కి మాత్రం బొట్టుతో సరిపెట్టలేదు. తీగలన్నీ పైనుంచి కింద దాకా ఎర్రగా ఉన్నాయి.

"ఏంటి తమ్ముడూ ఇది?"

"పూజ అన్నా. రేపటిదాక ముట్టొద్దు."

"తీగలకెందుకు పూశావు?"

"నేనొక్కన్నే పూసిన్నా? మీ మేడం గూడ పూసింది. ఆడోటి ఈడోటి ఎర్రగ వెట్టి ఇడిసిపెట్టింది. పాపం డ్యూటీల టైం దొరకలేదేమో అని మిగిలినయి నేను వెట్టిన. నూనెల కలిపి వెట్టిన, నిలుస్తదని."

తిట్టడానికి తెరిచిన నోరు మూసుకున్నాను. అతను వాయిద్యాన్ని చూశాడు. కొన్ని తీగలు ఎర్రగా ఉన్నాయి. దసరా పూట వాయిద్యం మీద ఎరుపు కనపడితే అది కుంకుమే. సగం పని మిగిలిపోయింది, కనక పూర్తి చెయ్యాలి. చూసినదాని నుంచి ఊహకు, ఊహ నుంచి పనికి వరసగానే వెళ్లాడు. మేము సభల్లో నేర్పిన దారి అదే. ఎవరినైనా అడిగి ఊహను సరిచూసుకోవడం ఒక్కటే మానేశాడు.

సబ్బునీళ్లలో ముంచిన గుడ్డతో అప్పుడే తుడవడం మొదలుపెట్టాను.

"ముట్టొద్దంటే ముడుతున్నవ్. పాపం తగుల్తది."

"తగిలితే నాకే కదా."

"నాకు గూడ తగుల్తది, ఒక్క రూంలనే ఉంటున్నం గద."

చెక్క మీది బొట్లు పోయాయి. తీగల మీది రంగు పోలేదు. నూనెతో కలిసిన కుంకుమ నైలాన్‌లోకి ఇంకిపోయింది. తెల్ల తీగలన్నీ ఎర్రబారాయి, నీలం తీగలూ ఆ ఎరుపులోనే కలిసిపోయాయి. ఏది నా "స" తీగో పోల్చుకునే దారి లేదు.

ఆ శుక్రవారం వెస్ట్ బేకి వెళ్తూ దారి పొడుగునా క్షమాపణ మాటలు పేర్చుకున్నాను. ఆమె సంచి విప్పి, ఒక్కో తీగనూ వేలితో రుద్ది చూసింది. జరిగింది చెప్పాను. మేడమ్ కూడా పూసిందట అని తమ్ముడు అన్న మాట చెప్పేసరికి, నవ్వు ఆపుకోలేక సోఫాలో కూలబడింది.

"ఆయన అన్నది బాగుంది. మేము ఇన్నేళ్లుగా సగం పని చేసి వదిలేస్తున్నాం." కళ్లు తుడుచుకుని అంది, "సరే, పోయిన వారం పాట వాయించండి."

వాయించలేకపోయాను. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియలేదు. ఒక తీగ మీటాను, కాదు. పక్కది, కాదు. ఆమెకు విషయం అర్థమైంది.

"ఇన్నాళ్లూ చూసి వాయించారన్నమాట."

ఆమె సొరుగు తెరిచింది, లోపల కొత్త తీగలున్నాయి. నాకు కనపడ్డాయి. ఆమె సొరుగు మూసేసింది.

"మార్చను. పూర్వం మా దగ్గర హార్ప్ వాయించేవాళ్లలో చాలామంది చూపులేనివాళ్లు."

"చూపులేనివాళ్లకు ఇంకే పనీ ఇవ్వలేదు కాబట్టి వాయించారు. అందులో గొప్పేముంది?"

"నిజమే. అయినా వాయించారు కదా."

క్యాంప్‌కి వచ్చి కళ్లు మూసుకుని కూర్చున్నాను. వారాలపాటు శబ్దం చీకట్లో తడుముకున్నట్టే ఉంది. ఒక సాయంత్రం ఒక తీగ మీటుతుంటే, ఇంకో తీగకు ఊరికే ఆనించి ఉంచిన వేలికి సన్నని వణుకు తగిలింది. నేను ముట్టని తీగ ఎందుకు వణుకుతుంది? చిన్న కాగితం ముక్కలు చింపి, మడిచి, తీగలన్నిటి మీదా గుర్రం ఎక్కించినట్టు కూర్చోబెట్టాను. పొడుగు తీగ ఒకటి మీటాను. పొట్టి తీగల్లో ఎక్కడో ఒకే ఒక్క ముక్క ఎగిరి కింద పడింది. పక్కనున్నవి కదల్లేదు.

తమ్ముడు మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"ముట్టకుండనే ఎగురుతున్నది. గిది దయ్యం గాదా?"

"రెండు తీగలదీ ఒకే స్వరం తమ్ముడూ, ఒకటి కింది స్థాయిలో, ఒకటి పై స్థాయిలో. కిందది కదిలితే గాలీ చెక్కా కదిలి పైదాన్ని కదిలిస్తాయి. కావాలంటే నువ్వే మీటి చూడు."

మీటాడు. ముక్క పడింది. ఇంకో తీగ మీటాడు. ఇంకో ముక్క పడింది. వంట సంగతి మర్చిపోయి ఇద్దరం కాగితాలు మడుస్తూ, పడే ముక్క ఏదో ముందే చెప్పాలని పందెం వేసుకున్నాం. మొదట్లో అన్నీ తప్పే చెప్పాం. పోనుపోను నాకు ఏ తీగకు ఏ తీగ బంధువో వినగానే తెలియడం మొదలైంది. మిగతా స్వరాలన్నీ ఏ తీగ మీద ఒరుగుతున్నాయో చెవి పట్టుకుంది. నా "స" దొరికింది.

ఇది కుంకుమ మహిమని ఆ తర్వాత తమ్ముడు చాలామందికి చెప్పుకున్నాడు. కాదు. ఆ తీగల మీద ఇంజన్ ఆయిల్ ఒలికినా ఇదే జరిగేది.

చలి మొదలయ్యే వేళకు, నేను చూడకుండా వాయించడం విన్నాక, ఆమె "ఆ పాట" నేర్పడం మొదలుపెట్టింది. మొదటి భాగం వచ్చింది, రెండోది వచ్చింది. ఈలోగా స్పీకర్ల పరీక్ష పూర్తయింది, ఆమె ప్రయాణం ఖాయమైంది. మూడో భాగం మాత్రం నా చేతికి నిలవడం లేదు. చివర్లో నా వేలు దానంతటదే "స" తీగ మీద వాలిపోయేది.

"మీరు ముగించేస్తున్నారు. అది ముగియదు" అనేది ఆమె. "వాదనలో గెలిచి కూర్చున్నట్టు కూర్చుంటున్నారు. అక్కడ కూర్చోకూడదు."

ఆఖరి శుక్రవారం ఫ్లాట్ నిండా అట్టపెట్టెలు. మధ్యాహ్నం సామాన్లవాళ్లు వస్తారు. పొద్దుటి నుంచి వాయించాను. ప్రతిసారీ అదే చోట ముగించాను. ఆమె గడియారం చూసి, చిన్న హార్ప్‌ను నా ఒళ్లోంచి తీసుకుని సంచిలో పెట్టి, సంచిని పెట్టెలో పెట్టింది. పాట ఇక రాదని నేను అనుకున్నాను. ఆమె కూడా అనుకున్నట్టే ఉంది.

పెట్టెకు టేపు వేస్తోంటే నేను మూత అదిమి పట్టుకున్నాను. ఆమె టేపు లాగుతూ తెలియకుండానే కూనిరాగం తీసింది. నేనూ కలిపాను. చేతుల్లో తీగలు లేవు, వాలడానికి చోటు లేదు. మూడో భాగం చివరికి వచ్చేసరికి ఆమె ఆపేసింది. నా గొంతు ఒక్కటే వెళ్లి, ముగించకుండా, ఉండాల్సిన చోట నిలబడింది. ఆమె టేపు వదిలేసింది.

"మళ్లీ పాడండి."

పాడాను.

"వచ్చింది" అంది. చాలాసేపు టేపు కొస వెతుక్కుంది.

అప్పుడడిగాను, బాకీ ఉన్న పోట్లాట సంగతి. ఆమె పెట్టె మీద కూర్చుని చెప్పింది. పాట కట్టింది వాళ్ల అమ్మమ్మకు పిన్ని. చేపల పడవల వెంట రేవు నుంచి రేవుకు వెళ్లి, చేపలు కోసి ఉప్పు వేసి పీపాల్లో సర్దే ఆడవాళ్లలో ఒకామె. కత్తులకు వేళ్లు తెగకుండా గుడ్డపీలికలు చుట్టుకునేవాళ్లు. నెలల తరబడి రేవు పక్కన గదుల్లో కిక్కిరిసి ఉండేవాళ్లు. పాటను ఏ వాయిద్యమూ లేకుండా నోటితోనే కట్టింది. ఊళ్లో చర్చి పెద్దలకు ఆడదాని నోటి నుంచి అలాంటి పాట వస్తే గిట్టదు.

"ఆవిడ తనే కట్టానంటే పిలిచి నిలదీస్తారు. గుట్టలోవాళ్లు ఇచ్చారంటే ఎవర్ని పిలుస్తారు?" అంది ఆమె. "మగవాళ్ల ముందు అమ్మమ్మ గుట్ట కథే చెప్పేది. నాకు మాత్రం అసలు సంగతి చెప్పింది."

వేసవిలో నేను చేసిన ప్రసంగం గుర్తొచ్చింది. మనిషే కట్టిందన్న నా మాట నిజమే. కానీ ఆ అబద్ధం వెనక ఒక మనిషి తలదాచుకుని ఉంటుందని నేను అనుకోలేదు. మూఢనమ్మకాన్ని కొట్టేటప్పుడు దాన్ని ఎవరు ఎందుకు అడ్డం పెట్టుకున్నారో కూడా చూడాలి. ముందు ఆ పెద్దల పెత్తనాన్ని కొట్టాలి. అది నిలబడి ఉండగా గుట్ట కథను మాత్రమే కొడితే, పెద్దల ముందు దోషిగా నిలబడేది ఆ చేపలు కోసే ఆమే.

"ఆవిడ పేరేమిటి?"

ఆమె ఆలోచించింది. "అమ్మమ్మ ఎప్పుడూ 'పిన్ని' అనే అనేది. నేను అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు."

సామాన్లవాళ్లు వచ్చారు. హార్ప్ ఆమెతోపాటే వెళ్లిపోయింది. మళ్లీ నేను ఏ హార్ప్‌నూ ముట్టలేదు. పాట మాత్రం నా గొంతులో ఉంది. కట్టిన మనిషి పేరు మాత్రం ఎవరి దగ్గరా లేదు.

అందుకే మీకు చెబుతున్నాను. నాట్లేసేటప్పుడో, బీడీలు చుట్టేటప్పుడో, పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడో పాడే పాట మీ ఇంట్లో ఎవరికో ఒకరికి వచ్చే ఉంటుంది. ఈ వారమే వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఫోన్ పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుని, నోటికి వచ్చేదాకా నేర్చుకోండి. లేచే ముందు దాన్ని ఎవరు కట్టారో అడగండి. దేవుడు ఇచ్చాడనో, ఎప్పటినుంచో ఉందనో అంటే ఒప్పుకోకండి. పేరు చెప్పేదాకా అక్కడినుంచి లేవకండి.